మా అత్త ఫ్రిజ్జులో నడిమి అర

పోయిన నెలలో మా అత్త చనిపోయింది. నేను బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ లేదు" అన్నాడు. పొద్దున నా డబ్బాలో జొన్నరొట్టె పెట్టిచ్చి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుకోమని చెప్పి పంపిన మనిషి. కాసేపు నడుము వాలుస్తానని చాప పరుచుకుందట, మళ్లీ లేవలేదు. నందికొట్కూరులో మా వీధి వీధంతా ఆమెను గట్టి మనిషి అనేది. వాళ్లకేం, దూరం నుంచి అంటారు. ఆ గట్టితనంతో ఒకే వంటింట్లో ఏళ్ల తరబడి మసిలింది కోడలినైన నేను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఎవరైనా వాళ్ల చేతివంట గురించి రాస్తారు, దయాగుణం గురించి రాస్తారు. మా అత్త గురించి రాయాలంటే నేను ఫ్రిజ్ గురించి రాయాలి. నవ్వొస్తే నవ్వండి, ఆమె ఉంటే ఆమె కూడా నవ్వేది. మా పాప ఈరోజు చదువుకుంటూ, గొడవపడుతూ, ప్రాణాలతో తిరుగుతోందంటే అందులో ఆ ఫ్రిజ్ వాటా ఎంతో, ఆమె మొండితనం వాటా ఎంతో విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

అసలామెకు ఫ్రిజ్ అంటేనే గిట్టేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఒకసారి కదిపి చూశాను. "సద్దికూడు దాచిపెట్టుకునేకి అంత పెద్ద బీరువా ఎందుకమ్మే? పొద్దున వండింది పొద్దునే తినాల. మిగిలితే దొడ్లో ఎనుము ఉండాది కదా" అని కొట్టిపారేసింది. మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఆ ఎండాకాలమంతా నేను మజ్జిగ పులిసిపోయిందని సణుగుతూ గడిపాను, ఆమె వినిపించుకోలేదు.

పాప రెండో తరగతిలో ఉండగా చిక్కిపోవడం మొదలైంది. చెంబులు చెంబులు నీళ్లు తాగేది. కర్నూలు ఆసుపత్రిలో పరీక్షలు చేసి, ఈ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం లేదు, బతికినంత కాలం సూదిమందు వేసుకోవాలి అన్నారు. మందు తప్పకూడదు. సూది వేశాక తిండి తప్పకూడదు. మందును ఎప్పుడూ చల్లగా ఉంచాలి. ఈ మూడోమాట దగ్గర మేం బిక్కమొహం వేశాం. మా ఊళ్లో మార్చి వస్తే చాలు, గచ్చు మీద కాలు పెట్టలేం.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు చేరి శోకాలు పెట్టారు. ఆడపిల్లకు ఇదేం కర్మ అని ఒకరు, రేపు దీన్నెవరు చేసుకుంటారని ఇంకొకరు. మా అత్త గుమ్మంలో నిలబడి, "ఏడ్చేవాళ్లు బయటికి పోయి ఏడ్వండి. ఈడ పని ఉండాది" అంది. అంతే, వాకిలి ఖాళీ అయింది. చిన్న కుండ తెచ్చి, దానికంటే పెద్ద కుండలో నిలిపి, రెండింటి మధ్యా ఇసుక పోసి తడిపింది. మందుసీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపలి కుండలో దించి, పైన తడిగుడ్డ కప్పింది. అది తడిపోకుండా రోజంతా కాపలా కాసింది. మర్నాడు సాయంత్రం తనే అంది: "ఒరే, ఈ ఎండకు నా కుండ చాలదు. రేపు కర్నూలుకు పోదాం. ఫ్రిజ్ తెద్దాం."

సద్దికూడు బీరువా మాట నేను ఎత్తలేదు. ఎత్తే ధైర్యం ఎవరికుంది?

అంగడికి ఆమె ఖాళీ చేతులతో రాలేదు. పెరుగు తోడుపెట్టే కుండను గుడ్డలో మూటకట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. అంగట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ముందు మా ఆయన నిలబడిపోయాడు. తలుపు అద్దంలా ఉంది, అందులో మా ముగ్గురి ముఖాలూ కనిపిస్తున్నాయి. అమ్మే కుర్రాడు ఇందులో మంచు పేరుకోదు, గోకే పని లేదు అని మెచ్చుకుంటూ పోయాడు. మా అత్త అంతా విని, "ఏమప్పా, కరెంటు పోతే దీంట్లో ఎంతసేపు చలవ నిలుస్తాది?" అని అడిగింది. ఆ అబ్బాయి గబగబా కాగితాలు తిరగేశాడు. "మంచే కట్టదంటివి. మరి కరెంటు లేనప్పుడు చలవ యాడ్నుంచి వస్తాది? నాకు మంచు కట్టేదే చూపీ" అంది.

మూలనున్న ఒంటి తలుపు ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లాడు. పాతకాలం మోడల్, పైన మంచు గూడు, తలుపుకు తాళం. ఆమె తలుపు తీసి, వేసి, మళ్లీ తీసి, మూట విప్పి పెరుగు కుండను ఒక్కో అరలో పెట్టి చూసింది. అంగట్లో ఉన్నవాళ్లందరూ కొనే పని మానేసి మా చుట్టూ చేరారు. నాకు సిగ్గుతో చావొచ్చింది. "ఇది పట్టింది. పాప మందు పక్కన ఇంకేం పెట్టినా పెట్టకపోయినా పెరుగన్నా ఉండాల" అని తేల్చేసింది. మా ఆయన అద్దం తలుపు వైపు ఒకసారి తిరిగి చూశాడు, పాపం.

ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పేచీ. మా ఆయన నడవాలో వచ్చేపోయేవాళ్లకు కనబడేలా పెడదామన్నాడు. ఆమె ఇల్లంతా తిరిగి గోడలకు అరచెయ్యి ఆనించి చూసింది. పడమటి గోడ సాయంత్రానికి పెనంలా కాలుతుంది, దాని దగ్గర వద్దంది. పొయ్యి పక్కన వద్దంది. చివరికి నడిమింట్లో కడప బండ మీద నిలబెట్టించింది. గోడకు ఆనించబోతే ఆపి, వెనక నుంచి తన చెయ్యి గాజులతో సహా దూరేంత సందు ఉండేలా జరిపించింది. మా మామ పోయినప్పుడు కూడా గాజులు తియ్యనని భీష్మించుకుని, పెద్దలందరినీ ఎదిరించి నిలబెట్టుకున్న చేతులవి. ఆ సందులోంచి వారానికోసారి దుమ్ము తుడిచేది. పైన నీళ్లగ్లాసు పెట్టి, నీళ్లు ఒక పక్కకు వాలుతున్నాయేమో చూసి, ముందు కాళ్లు తిప్పించింది. తలుపు సగం తీసి వదిలితే దానంతటదే వచ్చి మూసుకునేదాకా మా ఆయన్ని లేవనివ్వలేదు.

తాళంచెవి ఆమె కొంగుకు ఎక్కింది. ఇంటి కోడలిని, నాకు మంచినీళ్ల సీసా కావాలన్నా ఆమెను అడగాల్సిందే! తలుపు తీసి నిలబడి ఆలోచిస్తే ఊరుకునేది కాదు. "ఏం కావాలో తలకాయలో అనుకోని రా. తలుపు తీసినాక అనుకునేది కాదు" అనేది. ఇప్పటికీ తలుపు ముందు నిలబడితే ఆ గొంతు నా వీపు వెనక వినిపిస్తుంది.

ఇక చెప్పక తప్పనిది చెప్తాను. ఆమె పెద్ద తప్పు చేసింది.

ఆ వచ్చిన ఎండాకాలం మామూలుది కాదు. సూదులు వేళకు వేస్తున్నా పాప చక్కెర దిగడం లేదు. డోసు పెంచారు, దిగలేదు. మా ఆయన పాపను పక్కన కూర్చోబెట్టుకుని బడిలో ఏమైనా కొనుక్కు తింటున్నావా అని అడిగాడు, అది వెక్కివెక్కి ఏడ్చింది. ఎండ పెరిగేకొద్దీ మా అత్త ఫ్రిజ్‌లో చలి పెంచే మీటను తిప్పుతూ పోయింది. ఒకరోజు పాప వాంతులు చేసుకుంది. ఊపిరి ఎగబీల్చసాగింది, పిలిస్తే కళ్లు తెరవలేదు. జీపు మాట్లాడుకుని కర్నూలుకు పరుగెత్తాం.

డాక్టరు సెలైన్లు పెట్టించి, మీ మందుసీసా ఏదీ అన్నాడు. మా అత్త టిఫిన్ డబ్బా మూత తీసింది. ఐసుముక్కల మధ్య సీసా ఉంది. ఆయన దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. లోపల మందు విరిగిన పాలలా తునకలు తునకలుగా ఉంది.

"ఇది ఎప్పుడో గడ్డకట్టి కరిగింది. ఇందులో మందు లేదమ్మా, నీళ్లే. ఎక్కడ పెట్టినారు దీన్ని?"

"మంచుగూటి కిందనే అప్పా, వెనక్కి ఆనిచ్చి. ఇంట్లో దానికంటే మంచి చోటు లేదు. చల్లగ పెట్టమంటిరి కదా?"

"చల్లగా పెట్టమన్నాం. మంచులో పెట్టమనలేదు."

మా ఊళ్లో ఎవరిని అడిగినా అక్కడే పెట్టేవాళ్లు. పెద్దవాళ్లు దీవిస్తే చల్లగా బతకమంటారు. తడిగుడ్డ చుట్టిన కుండ, బండల మీద నీళ్లు చల్లి వాల్చిన చాప, ఇవే మాకు సుఖం. అలాంటి చోట చలవ ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుందని ఎవరికి తోస్తుంది? ఇంట్లో అన్నిటికంటే విలువైనదాన్ని అన్నిటికంటే చల్లని చోట పెట్టుకుంది, ప్రేమతోనే పెట్టుకుంది. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకామె మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

ఆమె క్షమించమని అడగలేదు. కన్నీళ్లు పెట్టలేదు. ఆసుపత్రి వరండాలో నా ఎదురుగా నిలబడి, అందరూ వినేలా అంది: "తప్పు నాది. పాప లేచి కూర్చోనీ. దీన్ని సరిజేసేదీ నేనే."

పాప లేచి కూర్చుంది. ఇంటికొచ్చిన రోజే ఆమె పని మొదలుపెట్టింది. మందుల అంగడి నుంచి ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు తెప్పించింది. గ్లాసులో నీళ్లు పోసి, అందులో దాన్ని ముంచి, ఒక్కో అరలో ఒక్కో రోజు ఉంచింది. మంచుగూటి కింద, వెనక గోడ దగ్గర, తలుపులో, కింద కూరగాయల డబ్బాలో. అంకె చదివే పని పాపది. "ఇంత ఉండాల" అని డాక్టరు చెప్పిన అంకె ఆమె నోటికి వచ్చేసింది. వెనక గోడ దగ్గర మంచు కట్టేంత చలి, తలుపులో తీసినప్పుడల్లా వేడిగాలి. నడిమి అరలో, ముందుకూ కాకుండా వెనక్కీ కాకుండా, సరైన చోటు దొరికింది. అక్కడ పసుపు బొట్టు పెట్టింది, మందు డబ్బా దాని మీదే. ఆ అరలో ఇంకేదీ, దేవుడి ప్రసాదం కూడా, పెట్టకూడదని ఆజ్ఞ. పెరుగు కుండ కింది అరకు దిగింది.

మీట ముట్టుకోవడం మా అందరికీ నిషేధం. కాలం మారినప్పుడల్లా కొలిచి, రవ్వంత తిప్పి, మర్నాడు మళ్లీ కొలిచేది. "అనుకోని పెట్టినందుకే కదా అంత పనైంది. ఇంగ అనుకునేది లేదు, కొలిచేదే" అనేది. తలుపు రబ్బరు చుట్టూ క్యాలెండరు కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూసేది. ఊరికే జారి వచ్చిన చోట గోరువెచ్చని నీళ్లతో రబ్బరు కడిగి దుమ్ము తీసేది. మంచు మందంగా పేరుకుంటే మందును ఇసుక కుండలోకి మార్చి, ఫ్రిజ్ ఆపేసి, దానంతటదే కరిగేదాకా కూర్చునేది. నేను తొందరపడి చాకు తీసుకుంటే చేతి మీద ఒక్కటిచ్చింది. చాకు దిగితే గ్యాసు పోతుంది, ఫ్రిజ్ పోతుంది.

ఒక ఎండాకాలం ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనసాగింది. మా వీధి చివర ఫ్రిజ్‌లు బాగుచేసే భాయ్ వచ్చి చూశాడు. "ఫ్రిజ్ బాగనే ఉండాది పెద్దమ్మా. మీ ఎర్తు గుంత ఎండిపోయింది. నేలలో తేమ లేకుంటే కరెంటు యాడికి పోతాది?" అన్నాడు. గుంత తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి, వైరు సరిచేసి, తడి ఆరనివ్వొద్దని చెప్పాడు. ఆనాటి నుంచి బియ్యం కడిగిన నీళ్లు ఆ గుంతకే. తాగడానికి ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే రోజుల్లో కూడా ఆ గుంత వాటా దానికి ముట్టేది. ఎదురింటామె "ఏమత్తా, ఆడ ఏం మొలుస్తాదని పోస్తాండావు?" అని ఎగతాళి చేస్తే, "మా పాప మొలుస్తాదిలేమ్మే" అంది.

ఆ ఎదురింటామే తర్వాత ఫ్రిజ్ కొని, రెండు బీరువాల మధ్య ఇరికించి, పైనుంచి కిందిదాకా లేసు గుడ్డ కప్పి, చల్లబడడం లేదని మొత్తుకుంది. మా అత్త వెళ్లి గుడ్డ లాగేసింది. "దీనికేమన్నా పెండ్లా, చీర కట్టినావు? ఊపిరాడనీమ్మే" అంది. వీధంతా ఆ మాట చెప్పుకుని నవ్వింది.

ఇంత చేసినా, ఆమెకు ఫ్రిజ్ కంటే పాప కంచం మీదే ఎక్కువ కన్ను. సూది వేశాక ఆలస్యమైతే ఆ పిల్లకు చక్కెర పడిపోయి చెమటలు పట్టేవి. అందుకని పండగ రోజున నైవేద్యం పెట్టకముందే పాపకు వడ్డించేసేది. పూజకు వచ్చిన పంతులు ముఖం అదోలా పెడితే, "దేవుడు రొంతసేపు ఆగుతాడు సామీ, సూది ఆగదు" అని చెప్పి పంచభక్ష్యాలూ దాని కంచంలో పెట్టింది.

పాపకు కడపలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. మా ఆయన వద్దన్నాడు, నిజం చెప్పాలంటే నేనూ వద్దనే అనుకున్నాను. మందు ఎక్కడ పెట్టుకుంటుంది, వేళకు తిండి ఎవరు పెడతారు? మా అత్త విని విని కొడుకును నిలేసింది. "ఒరే, పాప కోసం ఫ్రిజ్ తెచ్చినామా, ఫ్రిజ్ కోసం పాపను కట్టేసినామా? అది ఈ నడిమింట్లోనే ముసల్ది కావాల్నా?" మా ఆయన లేచి పాప పెట్టె అటక మీంచి దించాడు.

ఆమే మాతో కడపకు వచ్చింది. వార్డెనమ్మ ఫ్రిజ్ ఉందిగానీ పూచీ తీసుకోలేనంది. మా అత్త పోట్లాడుతుందని నేను భయపడ్డాను. పోట్లాడలేదు. "ఒకసారి చూపించు తల్లీ" అంది. పాలప్యాకెట్లతో కిక్కిరిసి, మంచుగూడు మూతపడనంతగా గడ్డకట్టి ఉంది. ఆమె చీర పైకి దోపుకుని, వార్డెనమ్మ వద్దంటున్నా వినకుండా, దాన్ని ఆపి, కరిగించి, కడిగి, తుడిచి, గోడ నుంచి జరిపించింది. థర్మామీటరు పాప చేతికిచ్చి, "నువ్వే కొలుచుకో. నీ చోటు నువ్వే వెతుక్కోవాల" అంది. వార్డెనమ్మ నడిమి అర ఖాళీ చేసి ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో మైదుకూరు దాటాక మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేనామె చెయ్యి పట్టుకున్నాను. ఆసుపత్రి వరండాలో పుట్టిన కోపం నాలో ఇంకా ఏ మూలైనా మిగిలి ఉంటే అది ఆ బస్సులోనే పోయింది.

పోయిన నెల, ఆ రోజు, పాప మధ్యాహ్నం దాటాక కడప నుంచి వచ్చింది. బెంగళూరు నుంచి మా ఆడబిడ్డ రావాలి కాబట్టి శవాన్ని ఐసు పెట్టెలో ఉంచాం. పాప పెట్టె మీద తల ఆన్చి చాలాసేపు ఉండిపోయింది. నేను దాని మెడ తాకితే చెమటగా ఉంది. సూది వేసుకున్నావా అంటే, పొద్దున వేసుకున్నాను, దోవలో ఏమీ తినలేదు అంది. మీటరు పెట్టి చూస్తే చక్కెర పడిపోయి ఉంది. ముందు పంచదార నీళ్లు తాగించాను.

మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. భాయ్ భార్య గిన్నెలో అన్నం, పప్పు తెచ్చి ఇచ్చింది. నేను కంచం తీసుకోవడం చూసి మా ఆయన పెదనాయన అరుగు మీది నుంచి లేచాడు. "పీనుగు లేయకముందే మెతుకులు ముడతారామ్మా? ఇంటికి మంచిదేనా?" అన్నాడు. చుట్టూ ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. "నాకొద్దమ్మా, ఆకలి లేదు" అంది పాప.

"మీ అవ్వ చూస్తాంది, తిను" అన్నాను. ఐసు పెట్టె పక్కనే, ఆమె ముఖం కనబడే చోట పీట వేశాను. పెదనాయన మళ్లీ ఏదో అనబోయాడు. పుట్టి బుద్ధెరిగాక పెద్దలకు ఎదురు చెప్పని మా ఆయన, "పెదనాయనా, నువ్వు గమ్మునుండు. మాయమ్మ ఉంటే ఇంతసేపు ఆగనిచ్చేదా?" అన్నాడు.

పాప కూర్చుంది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడి దగ్గింది. ఏడుస్తూనే మింగింది, ఏడుస్తూనే రెండోది కలుపుకుంది. పెదనాయన మోకాళ్లు పట్టుకుని వంగి, నీళ్లచెంబు దాని చేతికి అందేలా జరిపాడు. గుమ్మంలో శోకం పెడుతున్న ఆడవాళ్లు ఒకరిని చూసి ఒకరు ఆగారు. పాప కంచం ఖాళీ అయ్యేదాకా మా ఇంట్లో ఇంకెవరూ గొంతెత్తి ఏడవలేదు.